సద్దు చేయని కారులో సంగీతం

పాట వినబడటం వేరు, పాటలో మాట వినబడటం వేరు. ఈ తేడా నాకు తెలియజెప్పినవారు మా నాన్నగారు. ఆయనకు 78 ఏళ్ళు. చెవులు బొత్తిగా వినిపించవని కాదుగాని, పక్క గదిలోంచి పిలిస్తే "ఎవరదీ?" అని రెండుసార్లు అడుగుతారు. ఘంటసాల పద్యాలంటే ఆయనకు ప్రాణం. అయినా మా పాత డీజిలు కారులో ఏనాడూ పాటలు పెట్టించుకోలేదు. "ఆ యింజను చేసే కచేరీ చాలదూ?" అనేవారు.

ఆ కారు అమ్మేసి మేము హైబ్రిడ్ కారు కొన్నాము. పెట్రోలు యింజనూ, కరెంటు మోటారూ రెండూ వుండే కారు అన్నమాట. కారు ఆగితే యింజనూ ఆగిపోతుంది. ఊళ్ళో మెల్లగా పోతున్నప్పుడు చాలాసార్లు మోటారే లాక్కుపోతుంది. మొదటి రోజున కారు గేటు దాటి వీధి మలుపు తిరిగేదాకా మా ఆవిడ, "ఇంకా స్టార్టు చెయ్యరేం?" అని అడుగుతూనే వుంది. అంత నిశ్శబ్దం!

ఇంకేం, హాయిగా పద్యాలు వినవచ్చునని నాన్నగారు ముందు సీటులో సర్దుకు కూర్చున్నారు. రెండు పద్యాలయ్యేసరికి ముఖం చిట్లించారు.

"పాట వినబడుతోందిరా, మాట వినబడటం లేదు" అన్నారు.

సౌండు పెంచాను.

"ఇప్పుడు పాట మరీ వినబడుతోంది. మాట మరీ వినబడటం లేదు."

మా యింట్లో చర్చ అక్కడ మొదలైంది. మా పెద్దవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. "కారుతో వచ్చే స్పీకర్లు అంతే నాన్నా! వెయ్యి వాట్ల ఆంప్లిఫయరు పెట్టి, డిక్కీలో పన్నెండంగుళాల వూఫరు దించితే తాతయ్యకు అక్షరం అక్షరం వినిపిస్తుంది. మన కారులో బ్యాటరీకి కొదవా? రెండు వందల వోల్టులు!" అన్నాడు. మా బావమరిది వాడికి వంత పాడాడు. మా ఆవిడ మాత్రం, "ముప్ఫయి వేలు దాటితే ఆ పద్యాలేవో యింట్లోనే విందాం" అని తీర్మానం చేసింది.

ఇటువంటి చర్చ ఇప్పుడు చాలా యిళ్ళల్లో జరుగుతూనే వుంటుంది. ప్రపంచంలో పెద్దయెత్తున తయారైన మొదటి హైబ్రిడ్ కారు ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. మన దేశానికి 2010 లో వచ్చినా దాని ధర చూసి దణ్ణం పెట్టినవాళ్ళే యెక్కువ. 2022 లో హైరైడర్, గ్రాండ్ విటారా వంటివి వచ్చాక హైబ్రిడ్ అనే మాట మనబోటివాళ్ళ వీధుల్లోకీ వచ్చింది. కారు వచ్చాక పాటలు రాకుండా వుంటాయా?

స్టేషను దగ్గర అప్పు

మా తర్జనభర్జనలు సాగుతూ వుండగానే ఒక చిత్రం జరిగింది. మా చెల్లెలు చెన్నై నుంచి రైల్లో వస్తోంది. రాత్రి పదకొండు గంటలకు బెజవాడ స్టేషను బయట కారు పెట్టుకుని నేనూ మావాడూ కూర్చున్నాము. బండి రెండు గంటలు లేటన్నారు. కారు అప్పటికి పదిరోజులుగా షెడ్డు కదలలేదు. మావాడు బ్రేకు తొక్కకుండానే బటను రెండుసార్లు నొక్కి, ఫ్యాను వేసి, పాటలు పెట్టి, సెల్‌ఫోను ఛార్జింగుకు తగిలించి, వెనక్కి వాలాడు.

బండి వచ్చింది. చెల్లెలు వచ్చింది. బటను నొక్కితే దీపాలు ఒక్కసారి మినుకుమన్నాయి, అంతే! కారు కదలలేదు. సామాను పెడదామంటే డిక్కీ తలుపూ తెరుచుకోలేదు. దానికీ కరెంటు కావాలిట! అర్ధరాత్రి దాటింది. చంటిపిల్లను భుజాన వేసుకుని మా చెల్లెలు, "అన్నయ్యా, కొత్త కారన్నావు కదూ?" అంది.

చివరికి ఒక టాక్సీ డ్రైవరు జంపర్ కేబుళ్ళు తెచ్చి, బానెట్టు యెత్తించి, ఫ్యూజుల పెట్టెలో ఎర్ర మూత కింద వున్న ముడికి తగిలించాడు. రెండు నిమిషాల్లో కారు లేచి కూర్చుంది. అతను కేబుళ్ళు చుట్టుకుంటూ, "ఇంత పెద్ద బ్యాటరీ పెట్టుకుని మా దగ్గర అప్పా సార్?" అని నవ్వాడు.

బావి నిండా నీళ్ళు, చేదకు తాడు లేదు

ఆ డ్రైవరు అడిగినదే అసలు ప్రశ్న. హైబ్రిడ్ కారులో బ్యాటరీలు రెండు. కారును లాగే పెద్ద బ్యాటరీ ఒకటి. దీపాలూ, తాళాలూ, కంప్యూటర్లూ, పాటలూ వీటన్నిటికీ 12 వోల్టుల చిన్న బ్యాటరీ మరొకటి. మామూలు కారులో యింజనును తిప్పి లేపే బరువు 12 వోల్టుల బ్యాటరీదే. హైబ్రిడ్‌లో ఆ పని పెద్ద బ్యాటరీ, మోటారు చూసుకుంటాయి. చిన్నదాని పనల్లా కంప్యూటర్లను నిద్రలేపి, పెద్ద బ్యాటరీకి వున్న రిలేల తలుపులు తెరిపించటమే. అందుచేత దాన్ని చిన్నదిగానే పెడతారు. అది చచ్చిందా, తలుపులు తెరుచుకోవు. బావి నిండా నీళ్ళున్నా చేదకు తాడు లేనట్టే!

పోనీ, ఆ పెద్ద బ్యాటరీ అయినా యెంత పెద్దది? రెండో తరం ప్రియస్ సంగతి చూడండి. అందులో 168 సెల్లులు. ఒక్కొక్కటి 1.2 వోల్టులు. మొత్తం 201.6 వోల్టులు. 6.5 ఆంపియర్ అవర్లతో హెచ్చవేస్తే 1,310 వాట్ అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే ఒక యూనిట్టుకు కాస్త పైన! రెండు కిలోవాట్ల నీళ్ళ హీటరు వేస్తే నలభై నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అందులోనూ బ్యాటరీ పదికాలాలు మన్నాలని కంప్యూటరు దాన్ని పూర్తిగా నింపనివ్వదు, పూర్తిగా తోడనివ్వదు. వోల్టులు యెక్కువైనంత మాత్రాన నిలవ యెక్కువ కాదని మావాడికి ఆ లెక్కతో తెలిసింది.

హైబ్రిడ్‌లో మామూలు కారులోలాగా బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరు వుండదు. పెద్ద బ్యాటరీ వోల్టేజిని 14 వోల్టుల దరిదాపుకు దించే డీసీ-డీసీ కన్వర్టరు వుంటుంది. కారు 'రెడీ' అని దీపం చూపించినంతసేపూ అది చిన్న బ్యాటరీని నింపుతూనే వుంటుంది. యింజను ఆగినా దాని పని ఆగదు. మావాడు బ్రేకు తొక్కి బటను నొక్కి వుంటే ఆ రాత్రి రెండు గంటలు కాదు, తెల్లవార్లూ పాటలు విన్నా యిబ్బంది వుండేది కాదు. కావలసినప్పుడు యింజను తనంత తానే లేచి పెద్ద బ్యాటరీని నింపుకునేది. అయితే మూసిన షెడ్డులో మాత్రం అలా కూర్చోకూడదు సుమా! యింజను లేచిందంటే పొగ కూడా లేస్తుంది.

ఇందులో చరిత్ర చేసిన చమత్కారం ఒకటి వుంది. 1930 లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మకానికి పెట్టారు. ఆ కాలపు రేడియోల్లో వాల్వులుండేవి. కారు బ్యాటరీ చూస్తే 6 వోల్టులు; వాల్వులకేమో వంద వోల్టుల పైమాట కావాలి. ఆ తరువాత వైబ్రేటరు అనే పరికరం వచ్చి, గుయ్‌మంటూ అదురుతూ వోల్టేజిని పైకి యెక్కించేది. 1955 లో ఫిల్కో, క్రైస్లర్ కంపెనీలు పూర్తిగా ట్రాన్సిస్టర్లతో కారు రేడియో తెచ్చాక ఆ బాధ తప్పింది. ఆనాడు ఆరు వోల్టులను పాట కోసం కొండ యెక్కించారు. ఈనాడు రెండు వందల వోల్టులను అదే పాట కోసం కొండ దించుతున్నాము!

వాట్ల లెక్క

ఇక వెయ్యి వాట్ల సంగతి. నూటికి 80 వంతులు పనికి వచ్చే మంచి 'క్లాస్ డి' ఆంప్లిఫయరు అయినా సరే, నిజంగా వెయ్యి వాట్లు బయటికి యివ్వాలంటే 1,250 వాట్లు మింగాలి. 13.8 వోల్టుల దగ్గర అది 90 ఆంపియర్లు. రెండో తరం ప్రియస్‌లోని కన్వర్టరు మొత్తం యివ్వగలిగింది వంద ఆంపియర్ల దరిదాపు. దీపాలూ, వైపర్లూ, ఫ్యానూ, స్టీరింగు తిప్పటానికి సాయపడే మోటారూ అన్నీ ఆ వందలోనే బతకాలి. పాటకు 90 యిచ్చేస్తే మిగతావాటికి మిగిలేదేమిటి? సంగీతం ఒకే బిగిని అంత శక్తి అడగదు, నిజమే. కాని వర్షపు రాత్రి మలుపులో స్టీరింగుకూ, మృదంగానికీ పోటీ పెట్టటం తెలివైన పని కాదు.

పెట్టెమీద వేసే అంకెలు కూడా నమ్మదగినవి కావు. చాలా కారు స్టీరియోల మీద "50 వాట్లు x 4" అని వుంటుంది. స్పీకరు నిరోధం 4 ఓములు. వోల్టేజి 14.4. దాన్ని దానితోనే హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే 51.8 వస్తుంది. ఆ యాభై అదే! అయితే అది ధ్వని పూర్తిగా నలిగిపోయి బరబరలాడేటప్పటి లెక్క. శుద్ధమైన స్వరానికి అందులో సగం, అంటే పాతిక వాట్లు కూడా పూర్తిగా రావు.

దిగులు పడవలసిన పని లేదు. చెవి లెక్క వేరు. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి రెట్టింపు బిగ్గరగా తోచాలంటే సుమారు పదిరెట్ల శక్తి కావాలి. అందుచేత వాట్లు కొనటం కన్నా సున్నితమైన స్పీకరు కొనటం లాభం. స్పీకరు వివరాల్లో 'సెన్సిటివిటీ' అని ఒక అంకె వుంటుంది. ఒక వాటు యిస్తే ఒక మీటరు దూరాన యెంత ధ్వని వస్తుందో ఆ అంక చెబుతుంది. 88 వున్న స్పీకరుకు నూరు వాట్లు పోస్తే వచ్చే ధ్వని, 91 వున్నదానికి యాభై వాట్లతోనే వస్తుంది. హైబ్రిడ్‌కు కావలసింది తక్కువ తిని యెక్కువ పాడే స్పీకరు.

అచ్చులూ హల్లులూ

ఇంతకూ నాన్నగారికి మాట యెందుకు వినబడలేదు? వయసుతోపాటు చెవి మొదట పోగొట్టుకునేది సన్నని, పై స్థాయి ధ్వనులను. మాటలో అచ్చులు నిండుగా, కింది స్థాయిలో పలుకుతాయి. 'స, శ, త, క' వంటి హల్లుల పదును పై స్థాయిలో వుంటుంది. రాగం అచ్చులమీద సాగుతుంది. అర్థం హల్లులమీద నిలబడుతుంది. బాసు పెంచేకొద్దీ ఆ గుంభనం హల్లులను మింగేస్తుంది. ఆయనన్నది అక్షరాలా నిజం. నేను సౌండు పెంచినప్పుడు పాట పెరిగింది, మాట తగ్గింది.

దీనికి తోడు మా కారులో స్పీకర్లు తలుపుల అడుగున వున్నాయి. అవి పాడేది మన మోకాళ్ళకు! బరువైన ధ్వని యెటైనా పాకుతుంది గాని, సన్నని ధ్వని బాణంలా సూటిగా పోతుంది. అందుకే చిన్న ట్వీటర్లు పైన, అద్దం మూలల్లో, ముఖం కేసి వుండాలి.

తలుపు కూడా ఒక వాద్యమే. స్పీకరు ముందుకు నెట్టినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. తలుపులోని రేకు కంతల గుండా ఆ వెనక గాలి ముందుకు వచ్చి కలిసిందా, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కింది స్వరాలు మాయమవుతాయి. కంతలు మూసి, రేకుకు లోపల బ్యూటైల్ రబ్బరు డ్యాంపింగ్ షీట్లు అంటిస్తే, పాత స్పీకరుకే కొత్త గొంతు వస్తుంది. రోడ్డు మోత కూడా కొంత తగ్గుతుంది. హైబ్రిడ్‌లో దీని అవసరం మరింత. యింజను మోత కప్పిపుచ్చుతూ వచ్చిన చిల్లర మోతలన్నీ ఇక్కడ బయటపడతాయి. మా కారులో మూడు రోజులు వెతికి పట్టుకున్న "స్పీకరు దోషం" చివరికి వదులైన నంబరు ప్లేటు!

బయటివారికి మాత్రం ఈ నిశ్శబ్దం ప్రమాదమే. నడిచేవారికి తెలియాలని, ఐరోపాలో 2019 జూలై నుంచి కొత్త రకం హైబ్రిడ్లూ, కరెంటు కార్లూ మెల్లగా పోయేటప్పుడు బయటికి ధ్వని చేసి తీరాలని నియమం పెట్టారు. బయటివారికి ధ్వని కావాలి, లోపలివారికి మాట కావాలి.

ముట్టుకోకూడనివి

మొదట మేము వెళ్ళిన దుకాణం పేరెందుకు లెండి. అక్కడి అబ్బాయి కారంతా చూసి, వెనక సీటు పక్కనున్న ఒక జాలీని చూపించి, "దీనికి అడ్డంగా వూఫరు పెట్టె పెడితే నీటుగా వుంటుంది సార్" అన్నాడు. మా ఆవిడ కారుతో వచ్చిన పుస్తకం యింట్లో పోపుల డబ్బా పక్కన పెట్టుకుని చదివింది. "అది బ్యాటరీ ముక్కు బాబూ! ముక్కు మూస్తే యేమవుతుంది?" అని అడిగింది. నిజమే. చాలా హైబ్రిడ్లలో పెద్ద బ్యాటరీ కారు లోపలి చల్లగాలినే ఫ్యానుతో పీల్చుకుంటుంది. ఆ జాలీకి పెట్టెగాని, దిండుగాని, దుప్పటిగాని అడ్డం పెట్టితే బ్యాటరీ కాగిపోతుంది, ఆయుష్షు తరిగిపోతుంది. మేము నమస్కారం చెప్పి వచ్చేశాము.

ముట్టుకోకూడనివి మరి మూడున్నాయి. మొదటిది నారింజ రంగు తీగ. హైబ్రిడ్‌లో పెద్ద వోల్టేజి పారే తీగలన్నిటికీ ఆ రంగు తొడుగు వుంటుంది. అది ప్రాణాలు తీసే కరెంటు. కారు ఆపాక కూడా ఇన్వర్టరులోని కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే వుంటుంది. పాటలవాడికి దానితో పని లేదు. రెండవది ముందు స్తంభాలు. వాటి తొడుగుల వెనక ఎయిర్ బ్యాగు మడతపెట్టి వుంటుంది. అక్కడ మరలు బిగించినా, తీగలు అడ్డంగా లాగినా అది సమయానికి విచ్చుకోలేదు. మూడవది కారుతో వచ్చిన తెర. వెనక కెమేరా, బ్యాటరీ లెక్కలు అన్నీ చూపేది అదే. దాన్ని పీకి వేరొకటి పెట్టే బదులు, అది స్పీకర్లకు పంపే ధ్వనినే తీసుకుని దిద్దే ఆంప్లిఫయర్లున్నాయి. తీగలు కోయకుండా జతపడే కప్లర్లు దొరుకుతాయి. తీగ కోస్తే వారంటీవారితో తగాదా తప్పదు.

చివరికి చేసిందేమిటి?

రెండో దుకాణంలో ఒక పెద్దాయన వున్నాడు. ముందు, "ఎవరి కోసం?" అని అడిగాడు. నాన్నగారి సంగతి చెప్పాము. ఆయన వూఫరు మాటే యెత్తలేదు. ముందు తలుపులు రెండిటికీ డ్యాంపింగ్ షీట్లు, సెన్సిటివిటీ యెక్కువ వున్న స్పీకర్ల జత ఒకటి, అద్దం మూలల్లో ట్వీటర్లు, ధ్వని దిద్దే చిన్న క్లాస్ డి ఆంప్లిఫయరు ఒకటి చాలునన్నాడు. నాలుగు స్పీకర్లకు తలా 45 వాట్లు. పూర్తిగా వాడినా 16, 17 ఆంపియర్లు. మామూలుగా వినేటప్పుడు రెండు మూడే. డిక్కీలోని చిన్న బ్యాటరీ నుంచి తీగ లాగి, ముడికి జానెడు దూరంలోనే ఫ్యూజు వేశాడు. తీగ యెక్కడైనా ఒరుసుకుని రేకును తాకితే మంట లేవకుండా కాపాడేది ఆ ఫ్యూజే.

మరొకటి కూడా చేశాడు. కారు ఆపి, తాళం వేసి, పావుగంట ఆగి, మీటరు పెట్టి చూశాడు. ఆంప్లిఫయరు నిజంగా నిద్రపోయిందా లేదా అని! అది నిద్రపోకుండా అర ఆంపియరు తాగుతూ కూర్చుంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగో రోజుకు చస్తుంది. మళ్ళీ స్టేషను దగ్గర అప్పు!

ఆ తరువాత నాన్నగారిని యెడమ సీటులో కూర్చోబెట్టి ధ్వని దిద్దాడు. ధ్వని ఒక మిల్లీసెకండుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆయనకు యెడమ స్పీకరు దగ్గర, కుడిది అర మీటరు దూరం. దగ్గరదాన్ని ఒకటిన్నర మిల్లీసెకండ్లు ఆపితే రెండూ ఒకేసారి చెవిని చేరతాయి. గొంతు రెండు మూలల్లో కాక యెదుట నిలబడినట్టు వుంటుంది. బాసు తగ్గించి, హల్లుల పదును వున్న చోట కాస్త యెత్తాడు. ఖర్చు మా ఆవిడ గీసిన గీతకు వెయ్యి రూపాయల లోపునే ఆగింది. ఆ వెయ్యీ ఆవిడ వెనక్కి తీసుకుంది.

సౌండు యెంత వుండాలో కూడా మాలో మేము ఒప్పందం చేసుకున్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్ వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే నాలుగు గంటలే. నాన్నగారి చెవులు యెలాగూ తగ్గాయి. మావాడి చెవులు ఇంకా అరవై ఏళ్ళు పనిచెయ్యాలి.

పోయిన ఆదివారం రాజమండ్రి బయలుదేరాము. ఏలూరు దాటాక నాన్నగారు తమకిష్టమైన పద్యం పెట్టమన్నారు. మధ్యలో ఉన్నట్టుండి చెయ్యి యెత్తి, "ఆపు, ఆపు. మళ్ళీ పెట్టు" అన్నారు. మళ్ళీ పెట్టాను. మూడోసారి కూడా పెట్టించుకున్నారు. మళ్ళీ యేం లోపం వచ్చిందోనని నాకు గుండె దడ.

"కాదురా" అన్నారాయన. "ఈ పద్యంలో ఒక మాట యాభై ఏళ్ళుగా తప్పుగా పాడుకుంటున్నాను. అసలు మాట యిదా!"

ఏ మాటో చెప్పమని వెనక సీటులోంచి అందరూ అడిగారు. ఆయన చెప్పలేదు. కిటికీలోంచి చూస్తూ, పెదవులు కదిలించుకుంటూ, గోదావరి వచ్చేదాకా ఆ పద్యాన్ని సరిగ్గా పాడుకున్నారు.